పిల్లల కచేరీకి అయిదు నిమిషాలు చాలవు

మాది కోనసీమలోని అంబాజీపేట, కొబ్బరి వ్యాపారం. మా ఆయన పోయాక కొట్టు నేనే చూసుకుంటున్నాను. కురిడీ కాయ, అంటే ఎండు కొబ్బరికాయ, సరిగ్గా ఎండిందో లేదో తెలుసుకోవాలంటే చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తాం. లోపల కొబ్బరి చిప్పను విడిచిపెట్టి ఉంటే కదిలిన చప్పుడు వస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ చప్పుడు విన్న చెవులివి. సంగీతం మాత్రం నేను నేర్చుకున్నది నాలుగు వర్ణాల (కీర్తనల కంటే ముందు నేర్పే పాఠాల) దాకానే, పెళ్ళితో ఆగిపోయింది. అందుకని ఇక్కడ రాసేది విద్వాంసుల మాటగా కాకుండా, వేసవిలో పిల్లల సంగీతోత్సవానికి డబ్బు ఇచ్చి, ఆ డబ్బు ఎటు పోతున్నదో కూర్చుని చూసిన మనిషి మాటగా చదవండి.

2017లో మొదటిసారి చందా ఇచ్చాను. మా ఊరికి దగ్గర్లో సంగీతం చెప్పే మాస్టారు ఒకరు వచ్చి, వేసవి సెలవుల్లో పిల్లలకు శాస్త్రీయ సంగీతం పోటీలు పెడుతున్నాం, ఓ చెయ్యి వేయండి అన్నారు. ఆ రోజే కొబ్బరికాయల దింపు లెక్క తేలి చేతిలో డబ్బుంది. ఎంత అని కూడా అడగకుండా పది వేలు ఇచ్చాను. వెళ్ళి చూడలేదు. ఇచ్చేశాం కదా, ఇక మన పని అయిపోయిందనుకున్నాను.

మరుసటి ఏడు వెళ్ళాను. మా తోటల్లో కాయ దింపే అతను వచ్చి, "అమ్మగారూ, మా పిల్ల పాడుతోంది, మీరు వస్తే బాగుంటుంది" అని పిలిచాడు. ఆ పిల్లకు అప్పుడు తొమ్మిదేళ్ళు. రామాలయంలో భజన వింటూ పాటలు పట్టేసేదట. మాస్టారు విని, ఫీజు లేకుండా చెప్పడం మొదలుపెట్టారు. ఆ రోజు నలభై మందికి పైగా పిల్లలు వచ్చారు. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. బల్ల మీద ఇత్తడి గంట. ఆ పిల్ల మోహనం రాగంలో కీర్తన ఎత్తుకుంది. పల్లవిని రెండు మూడు రకాలుగా మార్చి సంగతులు వేసి అనుపల్లవిలోకి వెళ్ళగానే గంట మోగింది. పిల్ల ఆగలేదు. రెండోసారి గట్టిగా మోగించారు. పై షడ్జమానికి, అంటే పై స్థాయి 'స'కు, నోరు తెరిచిన పిల్ల అలాగే ఆగిపోయి, మా వైపు చూసి, దిగి వచ్చేసింది. తర్వాత ఉపన్యాసాలు గంటా ఇరవై నిమిషాలు నడిచాయి. వాటికి గంట లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ అయిదు నిమిషాల్లో నా డబ్బు కూడా ఉంది కదా. మర్నాడు మాస్టారిని ఇంటికి పిలిపించి ఖర్చు పుస్తకం చూపించమన్నాను. ఆయన దాచలేదు. మొత్తం అరవై వేల రూపాయల్లో ఫ్లెక్సీలు, షీల్డులు, శాలువాలు, పూలదండలు కలిపి ముప్ఫై ఎనిమిది వేలు. వయొలిన్, మృదంగం లేనే లేవు. పిల్లలంతా శ్రుతిపెట్టె పెట్టుకుని పాడారు. "పక్కవాద్యాలు పెట్టాలంటే డబ్బు చాలదమ్మా" అన్నారు ఆయన. డబ్బు చాలకపోవడం కాదు మాస్టారూ, వేరే చోటికి పోతోంది అన్నాను. ఆయన కాసేపు తల వంచుకుని, "పోటీ లేకపోతే చందాలు రావేమోనని భయం" అన్నారు. పొరపాటు ఆయనది కాదు. మాలాంటి వాళ్ళం ఇచ్చే పద్ధతే అలా ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. రాజోలు దగ్గరి శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఎనిమిదేళ్ళ వయసులో విజయవాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో కచేరీ చేశారు. ఆయన గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారిది త్యాగరాజ స్వామి శిష్య పరంపర. చించినాడ వంతెన దాటి కాస్త ముందుకు వెళితే పాలకొల్లు. అక్కడ 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ తొమ్మిదేళ్ళకే గుడివాడ ఆరాధనలో వేదిక ఎక్కాడు. అతని గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ రాదు. ఆయన పాడి వినిపించేవారు, పిల్లవాడు దాన్ని తీగ మీదికి తెచ్చుకునేవాడు. ఇద్దరూ మా గోదావరి పిల్లలే. ఇద్దరికీ అంత చిన్న వయసులో ఎవరో పెద్దలు పెద్దవాళ్ళతో సమానంగా వేదిక ఇచ్చారు, కూర్చుని విన్నారు. ఆ రోజు వాళ్ళ ముందు ఎవరైనా ఇత్తడి గంట పెట్టి ఉంటే ఏమయ్యేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

2019 నుంచి పోటీ తీసేశాం. మొదట అనుకున్నది ఒక్కటే: పిల్ల వేదిక ఎక్కితే వర్ణంతో మొదలుపెట్టి మంగళం పాడి దిగాలి. పన్నెండేళ్ళు దాటినవాళ్ళకు సాయంత్రం పూట గంటా పావు. అందులో ఒక రాగం ఆలాపన, కీర్తన, చేతనైతే నెరవు (ఒకే పాదాన్ని రకరకాలుగా పాడటం), స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లడం), మృదంగం ఒక్కటే వాయించే చిన్న తని ఆవర్తనం. అంతకంటే చిన్నవాళ్ళకు పొద్దున్న అరగంట. మొదటి, రెండో బహుమతులు లేవు. పాడిన ప్రతి పిల్లకూ, వాయించిన ప్రతి పిల్లవాడికీ తాంబూలంలో పెట్టి సంభావన. మా అత్తగారు ఎప్పుడూ అనేవారు, విద్యకు ఇచ్చేది పదహార్లతో ముగియాలని. అలాగే ఇస్తున్నాం. పదేళ్ళ పిల్లవాడు వెయ్యి నూట పదహార్లు అందుకుని కవరు విప్పకుండా అమ్మ ఒళ్ళో పెట్టేటప్పుడు వాడి మొహం చూడాలి. షీల్డు ఇచ్చిన నాడు ఏ పిల్ల మొహంలోనూ ఆ కళ నేను చూడలేదు. అది తన సంపాదన అని వాడికి తెలుసు.

అసలు డబ్బు పక్కవాద్యాలకు పోతుంది, పోవాలి. ఇది నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది. రాజమహేంద్రవరం నుంచి, విజయవాడ నుంచి అనుభవం ఉన్న వయొలిన్, మృదంగ విద్వాంసులను రప్పిస్తాం. పిల్లలకు పిల్లలే పక్కవాద్యం అయితే ఖర్చు తగ్గుతుందని ఎవరో సలహా ఇచ్చారు. ఒకసారి అలా చేసి చూశాం. పాడే పిల్ల తాళం తప్పితే ముగ్గురూ తప్పారు, ముగ్గురూ ఏడ్చారు. పెద్ద విద్వాంసులు పక్కన ఉంటే జరిగేది వేరు. పోయిన సారి ఒక అబ్బాయి ఆలాపనలో దారి తెలియక ఒకే చోట తిరుగుతుంటే, వయొలిన్ ఆయన వాడు వదిలిన స్వరం మీద విల్లు అలా నిలబెట్టి, మెల్లగా పై స్వరం వైపు ఒక చిన్న సంచారం చూపించారు. వాడు తలెత్తి అటే వెళ్ళాడు. సభలో సగం మందికి తెలిసి ఉండదు. ఆ సాయానికి వెల కట్టగలమా? కట్టలేం కానీ, రోజుకు అయిదు వేలు ఇవ్వగలం. బస్సు దిగగానే మనిషి ఎదురు రావాలి, ఉండటానికి శుభ్రమైన గది ఉండాలి. తిరిగి వెళ్ళే రోజు డబ్బు కోసం ఆయన మా వైపు చూసే పరిస్థితి రాకూడదు. చివరి కచేరీ మొదలయ్యేలోపే నలుగురు విద్వాంసుల కవర్లూ ఇచ్చేస్తాను.

మృదంగం గురించి కూడా ఒక మాట. మా ప్రాంతపు ఉక్కపోత చర్మవాద్యాలకు పెద్ద పరీక్ష. తేమకు చర్మం వదులవుతుంది, ఎండకు బిగుసుకుంటుంది. ఎడమ వైపు మూతకు తడి రవ్వ ముద్ద అద్దుతారు కదా, అది తడిగా ఉంటేనే నాదం గంభీరంగా వస్తుంది. మొదటి ఏడాది గాలి ఆడాలని పెద్ద ఫ్యాన్లు తెచ్చి వేదికకు ఎదురుగా పెట్టించాను. మృదంగం ఆయన ప్రతి కీర్తనకూ మధ్యలో రవ్వ తడుపుకోవడం చూసి కూడా నాకు తట్టలేదు. చివరికి ఆయనే ఎంతో మర్యాదగా, "అమ్మా, ఆ గాలి కాస్త జనం మీదికి తిప్పిస్తారా" అన్నారు. ఇప్పుడు ఫ్యాన్లన్నీ వినేవాళ్ళకే. పాడేవాళ్ళకు తాటాకు విసనకర్ర పట్టుకుని పక్కన ఎవరో ఒకరు కూర్చుంటారు.

తేదీలు కుదర్చడం అన్నిటికంటే కష్టం. డిసెంబరు సంగీత కాలానికి మా పిల్లలు చెన్నై వెళ్ళలేరు, అప్పుడు బడులు నడుస్తుంటాయి. పుష్య బహుళ పంచమి నాటి త్యాగరాజ ఆరాధన ఎక్కువగా జనవరిలో వస్తుంది, అదీ బడి రోజే. మిగిలింది వేసవి. దాళ్వా (రెండో పంట) కోతలు అయిపోయి, కాలువలు కట్టేసి, మళ్ళీ నీళ్ళు వదిలేలోగా మా ఊళ్ళలో మనుషులకు కాస్త తీరిక. కానీ అప్పుడే పెళ్ళిళ్ళు. కల్యాణ మండపాలు ఒక్కటీ దొరకవు, దొరికినా అద్దె మా ఉత్సవం ఖర్చంత. 2024లో మే నెల మూఢాల్లో పడి పెళ్ళిళ్ళు లేకపోవడంతో ఒక మండపం యజమాని కరెంటు ఖర్చు ఇస్తే చాలన్నారు. అయితే ఆ ఏడాది మే 13న ఎన్నికలు. అప్పటిదాకా మైకు సెట్లన్నీ ప్రచారంలోనే ఉన్నాయి. పోలింగు అయ్యాకే మొదలుపెట్టాం.

ఆ ఏడాది లెక్క ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇలాంటి పని చేయాలనుకునేవారికి పనికి రావచ్చు. అయిదు రోజులు, సాయంత్రం పది కచేరీలు, పొద్దున్న పదిమంది చిన్నపిల్లలు. ఇద్దరు వయొలిన్, ఇద్దరు మృదంగం విద్వాంసులకు లక్ష. వాళ్ళ ప్రయాణం, బసకు పద్దెనిమిది వేలు. మైకుకు ఇరవై వేలు. భోజనాలకు నలభై వేలు. పిల్లల సంభావనలు నలభై రెండు వేల మూడు వందల ఇరవై. మండపం కరెంటుకు ఆరు వేలు. మొత్తం రూ. 2,26,320. ఫ్లెక్సీ ఒక్కటే, గుమ్మం దగ్గర, దాని మీద పాడే పిల్లల పేర్లు. అది మా మేనల్లుడు సొంత ఖర్చుతో వేయించాడు కనుక లెక్కలోకి రాలేదు.

భోజనాల సంగతి చెప్పకపోతే వండినవాళ్ళు ఊరుకోరు. పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, మజ్జిగ పులుసు. కొత్తావకాయ జాడీ కూడా పెడతాం, కానీ సాయంత్రం పాడే పిల్లల తల్లులు అటు వెళ్ళనివ్వరు. కచేరీ అయిన రాత్రి ఆ పిల్లలే ముందు ఆవకాయ అన్నం అడుగుతారు. కొబ్బరి బోండాలు మా తోటి వ్యాపారులు పంపిస్తారు, రోజుకో గెల లెక్కన కాదు, రోజుకో బండి లెక్కన.

డబ్బు ఇచ్చేవాళ్ళతో మాట్లాడటం నాకు మొదట్లో చేతకాలేదు. ఇప్పుడు ముందే చెప్పేస్తాను: వేదిక మీద కుర్చీ లేదు, ఉపన్యాసం లేదు, మీ పేరు చివరి రోజు ఒకసారి చదువుతాం, మీరు ముందు వరసలో కూర్చుని కచేరీ మొత్తం వినాలి. ఇలా అంటే వెనక్కి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. ఉండిపోయినవాళ్ళు గట్టివాళ్ళు. రొయ్యల చెరువులున్న ఒకాయన మొదటి ఏడు ఫోను చూసుకుంటూ కూర్చున్నారు. మూడో ఏడు నా దగ్గరకు వచ్చి, "ఆ కుర్రాడు నిన్న పాడింది తోడి రాగమేనా అండి?" అని అడిగారు. అవును తోడే. ఆయన ఇప్పుడు ఏటా ఒక వయొలిన్ విద్వాంసుడి ఖర్చు మొత్తం పెట్టుకుంటున్నారు. చందా పెద్దదైతే బ్యాంకు ద్వారా ఇవ్వమంటాను. రెండు వేలు దాటిన నగదు విరాళానికి పన్ను మినహాయింపు రాదు. ఆ మినహాయింపు కావాలంటే పుచ్చుకునే సంస్థకు నమోదు ఉండాలి. మా మాస్టారు ఆ కాగితాల పనికి ఏడాది తిరిగారు.

2023లో ఒక దెబ్బ తగిలింది. ఒక సంస్థవారు లక్ష ఇస్తామన్నారు. ఉత్సవానికి పది రోజుల ముందు, ప్రతి పిల్ల పేరుకు ముందు వాళ్ళ సరుకు పేరు చెప్పాలని, చివరి రోజు సినిమా పాటల కార్యక్రమం పెట్టాలని కబురు పంపారు. సినిమా పాట మీద నాకు చులకన లేదు, రోజూ కొట్లో రేడియో పెట్టుకుంటాను. కానీ ఏడాదంతా సాధన చేసి వచ్చిన పిల్ల పేరుకు ముందు ఇంకొకటి చెప్పడానికి నాకు మనసొప్పలేదు. వద్దన్నాం. డబ్బు రాలేదు. అటక మీద ఇంకో రెండు నెలలు ఉంచాల్సిన కురిడీని అప్పుడే బయటికి తీసి, గండేరా, గటగట అనే కురిడీ రకాలు వేరు చేయించి, వచ్చిన ధరకు అమ్మేశాను. నెల తిరక్కుండా ధర పెరిగింది. బాధ పడలేదంటే అబద్ధం. అయినా ఆ ఏడు ఒక్క కచేరీ కూడా ఆగలేదు.

పదో తరగతి తర్వాత పిల్లలు ఏమవుతున్నారన్నదే ఇప్పుడు నన్ను తొలిచేస్తున్న సంగతి. ఇంటర్‌లో చేరగానే హాస్టలు. పొద్దున్న అయిదింటికి లేచి రాత్రి పదింటి దాకా చదువు. సాధనకు చోటెక్కడ? కేంద్ర ప్రభుత్వపు సీసీఆర్‌టీ (సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం) ఉపకార వేతనానికి పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ లోపే దరఖాస్తు పెట్టుకోవాలి. అందినవాళ్ళకు ఇరవయ్యేళ్ళ దాకా లేదా మొదటి డిగ్రీ దాకా కొనసాగే వీలుంది. అప్పుడు తెలియక తప్పిపోతే, సాంస్కృతిక శాఖ యువ కళాకారులకిచ్చే ఉపకార వేతనానికి పద్దెనిమిదేళ్ళు నిండాలి. అది నెలకు అయిదు వేల చొప్పున రెండేళ్ళు. మధ్యలో నాలుగేళ్ళు. సరిగ్గా గొంతు కుదుటపడే, రాగం మీద సొంత ఊహ మొదలయ్యే వయసది. మగపిల్లలకైతే గొంతు మారి ఏ శ్రుతిలో పాడాలో తెలియక తికమక పడే వయసు. ఆ నాలుగేళ్ళలో ఊళ్ళో ఎవరో ఒకరు పట్టుకోకపోతే పిల్లలు జారిపోతారు. అందుకే పద్నాలుగు దాటి పద్దెనిమిది లోపు ఉన్న పిల్లలకు రెండేళ్ళుగా మా ఉత్సవం నుంచి గురువు గారి ఫీజు కడుతున్నాం. ప్రస్తుతానికి ముగ్గురికే కట్టగలుగుతున్నాం.

దింపు అతని కూతురు 2024లో పదో తరగతి అయ్యాక పాడింది. ఖరహరప్రియ ఆలాపన ఇరవై నిమిషాలు చేసి, "చక్కని రాజమార్గము" ఎత్తుకుంది. తొమ్మిదేళ్ళప్పుడు నోరు తెరిచి ఆగిపోయిన ఆ పై షడ్జమం మీద ఈసారి ఎంతసేపు నిలబడిందంటే, మృదంగం ఆయన వాయించడం ఆపి చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నారు. వాళ్ళ నాన్న కుర్చీలో కూర్చోలేదు. మండపం వెనక స్తంభానికి ఆనుకుని, దింపు నుంచి నేరుగా వచ్చిన బట్టలతోనే నిలబడ్డాడు. నేను వెళ్ళి చేయి పట్టుకుని ముందు వరసకు తెచ్చి కూర్చోబెట్టాను. నా పక్క కుర్చీ అతనిదే.

తర్వాత ఆ పిల్ల హాస్టలుకు వెళ్ళింది. 2025లో రాలేదు, వేసవిలో కూడా తరగతులు. వాళ్ళ నాన్నను అడిగితే, "పాడట్లేదండమ్మగారూ, టైము లేదంటోంది" అన్నాడు. నేనేమీ అనలేకపోయాను. చదువు వాళ్ళింటికి అవసరం, ఆ సంగతి నాకు తెలుసు.

మొన్న ఇంటర్ రెండో ఏడు పరీక్షలు అయ్యాక ఫోను చేసింది. "అమ్మమ్మగారూ, ఈసారి నాకు కచేరీ వద్దండి. రెండేళ్ళు సాధన లేదు, పాడితే మీకే చెడ్డపేరు. కానీ తంబూరా వేస్తాను. చిన్నపిల్లల వెనక కూర్చుంటాను, అయిదు రోజులూ" అంది. మాకు ఉన్న తంబూరా ఒక్కటే, అదీ తీగలు మార్చాల్సింది. మాస్టారికి చెప్పి ఆ సాయంత్రమే తీగలు తెప్పించాను. మొదటి రోజు పొద్దున్న పాడేది పదేళ్ళ అబ్బాయి, అరగంట, హంసధ్వని అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అడిగింది, "వాడి శ్రుతి ఎంతండీ, అయిదా, అయిదున్నరా?"